అమ్మీ చెవిలో ఫాయా

మా అమ్మీకి నగల పెట్టె లేదు. ఒక రేకు డబ్బా ఉండేది. అందులో సుర్మాదానీ, నాలుగు గాజులు, ఒక దువ్వెన, వేలి కొసంత అత్తరు శీశీ. ఆ శీశీలో ఎప్పుడూ మొగ్రాయే. గులాబ్ ఖరీదు, హీనా మగవాళ్లది, షమామా పెద్దింటోళ్లది. మొగ్రా ఒక్కటే అమ్మీకి అందేది. బీడీల పైసలు చేతికొచ్చిన వారం ఈద్ గానీ, ఎవరిదైనా షాదీ గానీ పడితే, చిటికెడు దూదిని ఉండ చేసి, శీశీ మూతికి తాకించి, చెవి మడతలో పెట్టుకునేది. దాన్నే మేం ఫాయా అంటాం. ముసురు పట్టిన రోజు కూడా ఆ ఫాయా ఉన్నంతసేపు మా ఒంటిగది ఇల్లు వేరే ఇల్లులా ఉండేది.

జగిత్యాలలో మేం బడికి పోయే రోజుల్లో, ఈద్ తెల్లారి ఇంకా అంగీలకు ఆ వాసన ఉండేది. పక్క బెంచీ పిల్లలు ముక్కు మూసుకుని "సాయిబుల వాసన" అని నవ్వేవాళ్లు. పాఠం చెప్పే టీచరమ్మ జడలో మూరెడు మల్లెదండ ఉండేది. గదంతా ఆ మల్లెల వాసనే. దాన్ని చూసి ఎవరూ ముక్కు మూసుకోలేదు. అప్పుడు మాకు తెలియని విషయం ఒకటుంది. మొగ్రా అన్నా మల్లె అన్నా ఒకటే పువ్వు. దారానికి గుచ్చితే అది తెలుగుదనం. శీశీలో పోస్తే అది సాయిబుల వాసన. పువ్వు మారలేదు, పెట్టుకున్న మనిషి మారాడు. ఈ తేడా ఎక్కడ మొదలైందో తెలుసుకోవాలనే మేం ఈ శీశీ వెనక ఉన్న చరిత్రను తవ్వుకుంటూ పోయాం.

పుస్తకాల్లో అత్తరు చరిత్రంతా దర్బార్లదే. ఐనీ అక్బరీలో సుగంధాలకు ఒక అధ్యాయమే ఉంది, ధరలతో సహా. గులాబీ అత్తరును కనిపెట్టింది నూర్జహాన్ అని మన పెద్దలు చెబుతుంటారు. జహంగీర్ తన ఆత్మకథలో రాసుకున్నది వేరు. కనిపెట్టింది నూర్జహాన్ తల్లి అస్మత్ బేగం. పన్నీరు తీస్తున్నప్పుడు వేడి వేడి పన్నీటి మీద తెట్టులా తేలిన నూనెను ఆమె కొద్దికొద్దిగా పోగు చేసిందట. దానికి పేరు పెట్టింది కూడా ఒక ఆడమనిషే, సలీమా సుల్తాన్ బేగం. అయితే ఆ పేరు 'ఇత్రె జహంగీరీ'. తీసింది తల్లి, పేరు పెట్టింది బేగం, పేరు మాత్రం పాదుషాది. ఆడవాళ్ల పని చరిత్రలోకి ఎట్లా ఎక్కుతుందో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

దక్కన్‌లోనూ సుగంధానికి పెద్ద పీటే. బీజాపూర్‌ను 1580 నుంచి 1627 దాకా ఏలిన రెండో ఇబ్రహీం ఆదిల్ షా కోసం నిజాముద్దీన్ మహమూద్ 'ఇత్రె నౌరస్ షాహీ' అని సుగంధాల మీదే ఒక గ్రంథం రాశాడు. గోల్కొండలో కులీ కుతుబ్ షా దక్కనీ కవిత్వం నిండా పూలూ, వసంతమూ, ఆడవాళ్లూ. మా ఆదిలాబాద్‌కు పేరు కూడా ఆ ఆదిల్ షాహీల నుంచే వచ్చిందంటారు. పేరు వచ్చింది గానీ, ఆ దర్బారు సుగంధం మా గుడిసెల దాకా ఎప్పుడు వచ్చింది?

ఇక్కడొక మాట చెప్పుకోవాలి. సుగంధాల మోజు తురకలు తెచ్చిన జబ్బు అనుకునే మిత్రులు కొందరున్నారు. వాళ్లు శ్రీనాథుణ్ణి చదివి ఉండరు. ఆయన 'హరవిలాసం' అంకితం తీసుకున్న అవచి తిప్పయ్యసెట్టి సుగంధ ద్రవ్యాల వర్తకుడు. కొండవీటి కుమారగిరి రెడ్డి ఏటేటా చేసే వసంతోత్సవాలకు కస్తూరీ, కర్పూరం, జవ్వాది సమకూర్చింది ఆయనే. ఓడల మీద దూరదేశాల నుంచి తెప్పించేవాడు. ఆ రాజు బిరుదే కర్పూర వసంతరాయలు. తిరుమలలో పునుగు తైలం సేవ ఈనాటికీ ఉంది. మరి తెలుగు పెళ్లిలో గుమ్మం దగ్గర నిలబడి చల్లేది ఏమిటి? పన్నీరు. చల్లే బుడ్డి ఏమిటి? గులాబ్‌పాష్. 'అత్తరు పన్నీరు' అని తెలుగులో జంటపదంగానే అంటాం. అత్తరు అరబ్బీ నుంచి వచ్చింది, పన్నీరులో ఉన్నది మన నీరే. మాటలు రెండూ ఎప్పుడో నిఖా చేసుకుని కాపురం పెట్టాయి. ఇప్పుడు వాటిని విడదీసి ఒకటి మీది, ఒకటి మాది అంటే ఎట్లా?

మా కరీంనగర్ ఈ కథలోకి వెండి దారి పట్టుకుని వస్తుంది. ముందు జిల్లా కేంద్రం ఎలగందుల. మానేరు ఒడ్డున కోట ఉన్న ఊరు. 1905లో నిజాం సర్కారు జిల్లాలను తిరగ రాసినప్పుడు కేంద్రం కరీంనగర్‌కు వచ్చింది. కిలేదారు సయ్యద్ కరీముద్దీన్ పేరు మీద వెలసిన ఊరు ఇది. ఎలగందులలో వేళ్లూనిన వెండి తీగ పని కూడా కరీంనగర్ చేరింది. ఇప్పుడందరూ దాన్ని ఫిలిగ్రీ అంటున్నారు. వెండిని కరిగించి, కమ్మచ్చు బెజ్జాల్లోంచి లాగి వెంట్రుకంత తీగ చేస్తారు. రెండు తీగలు మెలేసి, నొక్కి, పువ్వుల్లా ఆకుల్లా వంచి, చట్రంలో కూర్చి అతుకుతారు. ఈ పని చేసేది అవుసుల కుటుంబాలు. వాళ్ల చేతుల్లోంచి వచ్చిన వస్తువుల పేర్లు చూడండి: అత్తర్‌దాన్, గులాబ్‌పాష్, పాన్‌దాన్. మాట ఉర్దూ, చెయ్యి తెలుగు. దేవుడి ముందు దీపం పెట్టి పనిలో కూర్చున్న అవుసులాయన నెమలి ఆకారంలో చేసిన అత్తర్‌దాన్ నవాబు దేవిడీలో మెహమాన్ల ముందుకు వెళ్లేది. 2007లో ఈ పనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. మాకూ సంతోషమే. మా ఊరి పనితనం కదా.

కానీ మేం ఒక నిజం దాచుకోదల్చుకోలేదు. ఆ వెండి అత్తర్‌దాన్ మా ఇంట్లో ఎన్నడూ లేదు. మా నానీ ఇంట్లో లేదు, ఆమె అమ్మ ఇంట్లో లేదు. ముస్లిం అనగానే నవాబు గుర్తుకొచ్చే చరిత్ర ఒకటి మన బుర్రల్లో నాటుకుంది. నవాబు పాలించాడు కాబట్టి మీరంతా పాలకులే అంటారు. మేం పాలించింది ఎక్కడ? మా తాతలు దూదేకారు, సున్నం కొట్టారు, గుర్రబ్బండి తోలారు, పటేలు ఇంటి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. 1948 సెప్టెంబర్‌లో పోలీసు చర్య జరిగినప్పుడు, మరుసటేడు జాగీర్లు రద్దయినప్పుడు, దేవిడీల వెండి సామాను బజారుకెక్కింది. కొందరికి అది వైభవం పోయిన దుఃఖం. మా వాళ్లకు ఆ దేవిడీల్లో దొరికే నౌకరీ పోయిన ఆకలి. రెండూ ఒకటి కావు. అత్తర్‌దాన్ పోయిన వాళ్ల దుఃఖం షాయిరీలకెక్కింది. ఫాయా పెట్టుకున్న వాళ్ల ఆకలి ఎక్కడా ఎక్కలేదు.

ఇక ఆదిలాబాద్ అడవి మాట. ఇది విన్న రోజు మేం నిజంగా ఆశ్చర్యపోయాం. ఆదిలాబాద్, నిజామాబాద్ అడవుల్లో రూసా గడ్డి అని ఒకటి పెరుగుతుంది. కొందరు రోషా గడ్డి అంటారు. నలిపి చూస్తే గులాబీ వాసన. వానలు వెనకపట్టి గడ్డి పూతకు వచ్చినప్పుడు కోసి, డేగుల్లో నింపి, నీళ్లు పోసి, కింద మంట పెట్టి, ఆవిరిని చల్లబరచి నూనె తీస్తారు. వ్యాపారులు మేలురకాన్ని మోతియా అనీ, తక్కువ రకాన్ని సోఫియా అనీ అంటారు. పేర్లు చూస్తే అక్కాచెల్లెళ్లనుకుంటారు. ఈ నూనెలో ముప్పాతికకు తక్కువ కాకుండా ఉండే జెరానియాల్ అనే పదార్థమే గులాబీలోనూ ఉంది.

పాత రోజుల్లో మన దేశపు రూసా నూనె బొంబాయి రేవు నుంచి ఎర్రసముద్రం మీదుగా తుర్కీకి పోయేది. అక్కడ దాన్ని 'ఇద్రీస్ యాగీ' అనేవాళ్లు, అంటే ఇద్రీస్ నూనె. జిగురు నీళ్లతో కడిగి, ఎండలో పెట్టి తేట చేసి, బల్గేరియా గులాబీ అత్తరులో కలిపేవాళ్లు. ఒక కిలో అసలు గులాబీ నూనెకు మూడు నుంచి అయిదు టన్నుల పూలు కావాలి. అంత పువ్వు ఎక్కడ, అంత ఖరీదు ఎవరికి? అందుకని గడ్డి కలిసింది. అట్లా యూరప్ దొరసానులు గులాబీ అనుకుని రాసుకున్నదాంట్లో మన అడవి గడ్డి కూడా ఉంది. వ్యాపారులు దీన్ని కల్తీ అన్నారు. మేం మాత్రం బీదోళ్ల గులాబీ అంటాం. బజారులో చౌకగా దొరికే గులాబ్ అత్తరుకూ, గులాబీ వాసన సబ్బులకూ ఈ గడ్డి నూనె ఎన్నో ఏళ్లు ఆధారమైంది.

మా నానీది నిర్మల్. గోదావరి దాటించి జగిత్యాలకు ఇచ్చారు. ఆమె పుట్టిన ప్రాంతపు అడవి నుంచి రెండు సరుకులు వచ్చేవి. ఒకటి ఈ వాసన గడ్డి. రెండోది తునికాకు. ఆ తునికాకే మా ఇంటిని నడిపింది. జగిత్యాల, కోరుట్ల, మెట్‌పల్లి, నిర్మల్, ఇటు సిరిసిల్ల దాకా ఏ గల్లీకి పోయినా ఒళ్లో చాట పెట్టుకుని బీడీలు చుట్టే ఆడవాళ్లు కనిపిస్తారు. పద్మశాలి అక్కలూ, మాదిగ చెల్లెళ్లూ, మా ఆపాలూ ఒకే అరుగు మీద. అమ్మీ కూడా వాళ్లలో ఒకతె. లెక్క వెయ్యి బీడీలకు. కార్ఖానాలో బాగాలేవని ఏరి పడేసినవి పోగా మిగిలిన వాటికే కూలి. తంబాకు ధూళి గోళ్లలోకి, జుట్టులోకి, పసిపిల్ల పాలలోకి దిగేది. ఎంత తోమినా చేతుల వాసన పోయేది కాదు. రొట్టె చేసినా అదే, మా తల నిమిరినా అదే.

కాబట్టి అమ్మీ అత్తరు ఎందుకు పెట్టుకునేదో మాకు పెద్దయ్యాక అర్థమైంది. షాదీకి పోయినప్పుడు పెద్దింటి బేగంలు కాస్త జరిగి కూర్చుంటారేమోనని ఆమె భయం. మతం ఒకటే అయినా దస్తర్‌ఖాన్ దగ్గర మనుషులు ఒకటి కారు. షరీఫుల ఆడవాళ్ల దగ్గర ఊద్ వాసన, మా అమ్మీ దగ్గర తంబాకు వాసన. ఆ తంబాకు మీద ఒక్క పూట మూత పెట్టడానికే ఆ మొగ్రా. బయట హిందువుల పిల్లలు "సాయిబుల వాసన" అన్నదీ దాన్నే, లోపల మా పెద్దింటోళ్లు "సస్తా అత్తర్" అని పెదవి విరిచిందీ దాన్నే. రెండు వైపుల నుంచీ చిన్నబుచ్చబడ్డ వాసన అది.

దాన్ని అమ్మేవాడి సంగతి కూడా చెప్పాలి. తెలుగు సినిమాలో ముస్లిం అంటే చాలా కాలం అత్తరు సాయిబే. పచ్చ లుంగీ, గళ్ల రుమాలు, వంకర తెలుగు. నవ్వించి వెళ్లిపోతాడు. అసలు అత్తరు సాయిబు భుజాన చెక్కపెట్టెతో ఉర్సుకూ, జాతరకూ, సంతకూ కాలినడకన తిరిగే బీదవాడు. ఒక పుల్లకు దూది చుట్టి ముంజేతి మీద రాసి చూపేవాడు. తులం కొనేవాళ్లు లేక మాషాల్లో అమ్మేవాడు, అదీ లేనివాళ్లకు ఫాయా లెక్కన ఇచ్చేవాడు. కోమటి పెళ్లికీ, కాపుల పెళ్లికీ అత్తరు ఇచ్చింది ఆయనే. పీర్ల పండుగకు ఊదు ఇచ్చిందీ ఆయనే. ఆ ఊదు పొగలో కుడుకలూ బెల్లమూ పట్టుకుని నిలబడ్డ వాళ్లలో సగానికి పైగా హిందువులే. అప్పుడు ఆ వాసనకు మతం లేదు.

అన్నీ బయటివాళ్ల మీదే వేస్తే అది నిజాయితీ కాదు. మా లోపల కూడా లెక్క తేల్చుకోవాలి. మగవాళ్ల సుగంధంలో వాసన తెలియాలి, ఆడవాళ్లదాంట్లో రంగు కనబడాలి, వాసన దాగాలి అనే అర్థం వచ్చే హదీసు ఉంది. దాన్ని పట్టుకుని మౌల్వీ సాబ్‌లు ఆడవాళ్ల ఫాయా మీద ఎన్ని బయాన్లు చేశారో లెక్క లేదు. జుమ్మా రోజు చొక్కా తడిసేలా అత్తరు పూసుకున్న మగవాళ్లే తలలూపుతూ వినేవారు. భర్త పోయిన ఆడదానికి నాలుగు నెలల పది రోజుల ఇద్దత్‌లో సుగంధం వద్దన్నది షరీఅత్. ఆ గడువు తీరితే మళ్లీ పెట్టుకోవచ్చు, మళ్లీ నిఖా చేసుకోవచ్చు. కానీ మా నానీ తాత పోయాక బతికినన్నాళ్లూ అత్తరు ముట్టలేదు. ఎందుకని అడిగితే "బేవా ఔరత్‌కు ఎందుకురా" అంది. పక్కింటి కోమటి అవ్వ మల్లెలు మానేసింది, మా నానీ మొగ్రా మానేసింది. ఇద్దరి దేవుళ్లు వేరు. ఇద్దరి మీదా పెత్తనం చేసిన ఆచారం ఒకటే. మతం ఇచ్చిన హక్కును కూడా మేం మా ఆడవాళ్లకు దక్కనివ్వలేదని ఒప్పుకోవాలి.

తర్వాత గల్ఫ్ వచ్చింది. డెబ్బైల చివర నుంచి మా జిల్లాల మగపిల్లలు దుబాయి, మస్కట్, సౌదీ దారి పట్టారు. వాళ్లలో అన్ని కులాలవాళ్లూ, రెండు మతాలవాళ్లూ ఉన్నారు. తిరిగొచ్చినప్పుడు పెట్టె తెరిస్తే వాడంతా ఒకే వాసన. ఫారిన్ సెంటు! ఎల్లయ్య ఇంట్లో వచ్చినా యూసుఫ్ ఇంట్లో వచ్చినా దాన్ని సాయిబుల వాసన అని ఎవరూ అనలేదు. అరబ్బు దేశం నుంచి వచ్చినా సరే, డబ్బు వాసన కలిస్తే అది ఫారిన్ అవుతుంది. కష్టం వాసన కలిస్తేనే సాయిబులది అవుతుంది. అన్న పంపిన సీసాను అమ్మీ మూత తీయకుండా బీరువాలో దాచింది. చెల్లె షాదీకి ఇవ్వాలని. ఇచ్చేటప్పటికి సగం ఆవిరైపోయింది.

ఇప్పుడు అత్తరు కూడా అత్తరులా లేదు. కన్నౌజ్‌లో రాగి డేగులో పూలు ఉడికించి, వెదురు గొట్టం గుండా ఆవిరిని భప్కాలోని గంధం నూనెలోకి దింపే పద్ధతి ఇంకా బతికే ఉంది. అయితే గంధం ధర కొండెక్కాక చాలామంది తయారీదారులు దాని బదులు పారఫిన్ వంటి చౌక నూనెలకు మారారు. పూల బదులు రసాయనాలొచ్చాయి. మల్లె వాసన ఇచ్చే బెంజైల్ అసిటేట్‌కు మల్లెతోటతో పని లేదు. అమ్మీ శీశీలో చివరి రోజుల్లో ఉన్నది ఎక్కువగా అదే అయ్యుంటుంది. మేం దాన్ని నకిలీ అని ఈసడించం. అసలైనది ఆమెకు ఎవరు అందనిచ్చారు గనక?

2016 అక్టోబర్‌లో మా రెండు జిల్లాలూ ముక్కలయ్యాయి. జగిత్యాల వేరు, నిర్మల్ వేరు. పటంలో గీతలు ఎన్ని మారినా గోదావరికి ఇటూ అటూ బీడీ చాటలు మాత్రం అట్లాగే ఉన్నాయి.

అమ్మీ పోయినప్పుడు గుస్ల్ ఇచ్చిన ఆడవాళ్లు కాఫూర్ అడిగారు, అత్తరు అడిగారు. ఎవరో బజారుకు పరుగెత్తబోతుంటే చెల్లె ఆ రేకు డబ్బా తెచ్చింది. శీశీ అడుగున కాసింత మొగ్రా మిగిలే ఉంది. కఫన్‌కు అదే రాశారు. అరుగు మీద అమ్మీతో ముప్పై ఏళ్లు బీడీలు చుట్టిన పద్మశాలి పెద్దమ్మ గుమ్మంలో నిలబడి ఏడుస్తూ, "మీ అమ్మ వాసనే బిడ్డా" అంది. ఆమె సాయిబుల వాసన అనలేదు.

మా చరిత్ర రాసేవాళ్లకు మేం చెప్పేది ఇదే. మమ్మల్ని అత్తర్‌దాన్‌కు వారసులుగా రాయకండి, దాని మీద మాకు హక్కు లేదు. ఆదిలాబాద్ గడ్డి, కరీంనగర్ వెండి తీగ, తునికాకు, ఊరి మల్లె, వీటన్నిటి వెనకా ఒంగిన నడుములున్నాయి. వాటిలో కొన్ని మా అమ్మీలవి, కొన్ని మీ అమ్మలవి. మేం ఆ ఫాయాకు వారసులం. అట్లా రాయండి, చాలు.